పేరును నమ్మాలా, పోర్టును నమ్మాలా

రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే ఏ సంస్థ అయినా ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఎక్స్ఛేంజికి వచ్చి చేరిన ఈ డేటా ఏ చందాదారుది? బిల్లు వేయాలన్నా, ప్లాన్ ప్రకారం వేగం ఇవ్వాలన్నా, బకాయి పడితే ఆపాలన్నా, ఫలానా ఐపీ అడ్రస్ ఆ రోజు ఆ వేళ ఎవరింట్లో ఉందని పోలీసులు అడిగినా, అన్నిటికీ ఆధారం ఆ జవాబే. ఈ రాగి తీగల డీఎస్ఎల్ నెట్‌వర్కులు కట్టినవాళ్లు దీనికి రెండు దారులు పట్టారు. చందాదారునే పేరు, పాస్‌వర్డ్ అడగడం ఒక దారి. ఏమీ అడక్కుండా ఏ పోర్టు నుంచి వచ్చారో చూసి, ఆ పోర్టు ఎవరికి కేటాయించామో రికార్డులో వెతుక్కోవడం రెండో దారి. శిక్షణ తరగతుల్లో ఈ రెండింటినీ ఒకే పనికి రెండు సాధనాలుగా చెప్పి వదిలేస్తారు. నాకు అది చాలదనిపిస్తుంది. పొరపాటు జరిగిన రోజున దాని బరువు ఎవరి నెత్తిన పడుతుందన్న దగ్గర ఈ రెండూ పూర్తిగా వేరు. ఆ తేడా తెలియకుండా ఒకదాన్ని వదిలి ఇంకోదానికి మారిన చోట చందాదారులే నష్టపోతారు.

ముందు పోర్టు కేటాయింపు అంటే ఏమిటో అది జరిగే చోటే చూడాలి. కంప్యూటర్ తెర మీద అది రెండు నిమిషాల పని. బయటి తీగలన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ గదిలో కాదు. ఇంటి నుంచి బయల్దేరిన తీగల జత దగ్గరి పంపిణీ పెట్టెకి (డీపీ), అక్కడి నుంచి రోడ్డు పక్క పిల్లర్‌కి వెళ్లి, వందల జతలున్న భూగర్భ కేబుల్‌లో కలిసి ఎండీఎఫ్ లైన్ సైడుకు చేరుతుంది. ఫోన్ ఒక్కటే ఉన్న కాలంలో అక్కడి నుంచి స్విచ్ సైడుకు ఒక జంపర్ తీగ వేస్తే పని అయిపోయేది. బ్రాడ్‌బ్యాండ్ కోసం ఆ జంపర్ తీసేసి మధ్యలోకి స్ప్లిటర్‌ని తేవాలి. లైన్ సైడు నుంచి స్ప్లిటర్‌కి ఒక జంపర్, స్ప్లిటర్ నుంచి ఫోన్ స్విచ్‌కి ఇంకో జంపర్. 4 కిలోహెర్ట్జ్ లోపున్న మాట స్విచ్‌కి పోతుంది. దాదాపు 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై, ఏడీఎస్ఎల్‌లో 1.1 మెగాహెర్ట్జ్ దాకా, ఏడీఎస్ఎల్2ప్లస్‌లో 2.2 మెగాహెర్ట్జ్ దాకా పరుచుకునే డేటా, చందాదారుల లైన్లను పోగుచేసే డీస్లామ్ అనే పరికరం పోర్టుకి పోతుంది. ఒక్క చందాదారు కోసం రెండు జంపర్లు, నాలుగు కొసలు. ఏ కొస ఒక్క స్థానం పక్కకి జరిగినా రికార్డు అబద్ధమైపోతుంది.

ఆ ఒక్క స్థానం జరగడం ఎంత సులభమో బయటివాళ్లకు తెలియదు. చాలా డీస్లామ్‌లలో సాఫ్ట్‌వేర్ పోర్టులను సున్నా నుంచి లెక్కపెడుతుంది. తెర మీద 0/3/17 అని ఉంటే సున్నా ఫ్రేము, మూడో స్లాటు, 17 నంబరు పోర్టు. కానీ కార్డులో అది పద్దెనిమిదో జత. ఎండీఎఫ్ మాడ్యూల్ మీద అంటించిన చీటీ ఒకటి నుంచి మొదలైతే, 64 పోర్టుల కార్డులో చివరిది తెర మీద 63, ఫ్రేము మీద 64. ఆఫీసులో కూర్చుని పోర్టు ఇచ్చేవారు 17 అంటారు, నిచ్చెన మీద నిలబడి తీగ దిగ్గొట్టేవారు చీటీ చూసి 17లో కొడతారు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు. మోడెమ్‌లో లింక్ లైటు కూడా వెలుగుతుంది, ఎందుకంటే పక్క పోర్టు కూడా తెరిచే ఉండొచ్చు. ఆ క్షణం నుంచి పహాణీలో పేరు ఒకరిది, పొలంలో నాగలి ఇంకొకరిది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా కనిపెడతారన్న దగ్గరే రెండు దారులూ చీలిపోతాయి.

పేరు అడిగే దారి డయలప్ నుంచి వచ్చింది. ఫోన్ చేసి, పేరు చెప్పి, ఆ పేరును సరిచూసే రేడియస్ సర్వర్ సరేనంటే లోపలికి వెళ్లే పద్ధతి అప్పటికే ఇంటర్నెట్ సంస్థల దగ్గర పాతుకుపోయి ఉంది. బిల్లింగ్ అంతా దాని మీదే నడుస్తోంది. 1999 ఫిబ్రవరిలో యూయూనెట్, రెడ్‌బ్యాక్, రౌటర్‌వేర్ ఇంజనీర్లు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2516 అనే పత్రం ఆ అలవాటును ఈథర్‌నెట్ మీదికి తెచ్చింది. అదే పీపీపీఓఈ. మన దేశంలో 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో డీఎస్ఎల్ సేవ మొదలుపెట్టినప్పుడు చందాదారుల చేతికి వచ్చింది కూడా ఇదే: ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్, మోడెమ్‌లో సర్క్యూట్ అంకెలుగా వీపీఐ 0, వీసీఐ 35.

ఈ పద్ధతిని పాతకాలపుదని కొట్టిపారేయడం ఇప్పటి ఫ్యాషన్. నేను దానితో ఏకీభవించను. విండోస్ ఎక్స్‌పీలో డయల్ కొట్టి కనెక్ట్ అయిన తరానికి 678, 691 అన్న రెండు అంకెలు గుర్తుండే ఉంటాయి. 678 వస్తే అవతల ఎవరూ పలకలేదని అర్థం: జంపర్ ఊడిపోయి ఉండాలి, లింక్ లేకపోవాలి, లేదా పోర్టు మీద సర్క్యూట్ కట్టకపోయి ఉండాలి. 691 వస్తే పలకరింపు అందింది, తీగ బాగుంది, పేరు దగ్గరే తిరస్కారం. సాంకేతిక పరిజ్ఞానం లేని మనిషి కూడా ఫాల్ట్ కౌంటర్‌కి ఫోన్ చేసి ఆ అంకె చెబితే, అవతలివారికి సగం దర్యాప్తు అయిపోయినట్టే. తీగ వైపు తప్పును, ఖాతా వైపు తప్పును ఇంత స్పష్టంగా విడదీసి చూపే గుణం తర్వాత వచ్చిన పద్ధతిలో లేదు. పేరు అడక్కుండా ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ నమూనాలో పోర్టు రికార్డు సరిపోలకపోతే మోడెమ్‌కి ఐపీ అడ్రస్ రాదు, అంతే. తీగ తెగినా, రికార్డు తప్పినా ఇంట్లోవారికి కంప్యూటర్ తెర మీద కనిపించేది ఆ ఒకే మౌనం.

అయితే ఈ దారిలో అసలు లోపం మరోచోట ఉంది. పేరుకు ఊరు లేదు. డయలప్‌లో అది సుగుణం, ఎక్కడి నుంచైనా ఫోన్ చేసి లోపలికి రావచ్చు. డీఎస్ఎల్‌లో తీగ గోడకు కట్టి ఉంది, పేరు మాత్రం గాలికి తిరుగుతోంది. సంస్థ ఇచ్చిన తొలి పాస్‌వర్డ్‌ని ఎవరూ మార్చుకోని చోట, ఫోన్ నంబర్ ఆధారంగా యూజర్ నేమ్ ఊహించగలిగిన చోట, ఒకరి ఖాతాతో ఇంకొకరు వాడుకోవడానికి గొప్ప తెలివి అక్కర్లేదు. నెలకు ఇన్ని మెగాబైట్లని లెక్కగట్టి, దాటితే అదనంగా వసూలు చేసే ప్లాన్లు నడిచిన రోజుల్లో ఇది నేరుగా జేబుకు చిల్లు. బిల్లు చూసి గుండె గుభేల్‌మన్న చందాదారు ఆఫీసుకు వెళితే, రేడియస్ లాగ్‌లో పేరు వారిదే, పాస్‌వర్డ్ సరైనదే. వాడింది తాము కాదని రుజువు చేసుకోవాల్సిన గతి వారికే పట్టింది. పేరును నమ్మే పద్ధతిలో పొరపాటుకు ముద్దాయి చందాదారే.

ఇక పోర్టును నమ్మే దారి. ఇది కొత్తదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏటీఎం అనే పాత డేటా రవాణా పద్ధతి మీద కట్టిన తొలి డీఎస్ఎల్ నెట్‌వర్కులలోనే అది ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి బయటపడలేదు. ఏటీఎంలో డేటా 53 బైట్ల సెల్స్‌గా ప్రయాణిస్తుంది. ప్రతి చందాదారుకూ డీస్లామ్ నుంచి, చందాదారులను లోపలికి అనుమతించే బ్రాస్ అనే సర్వర్ దాకా ఒక శాశ్వత వర్చువల్ సర్క్యూట్ కట్టాలి. చందాదారు వైపు అందరికీ అదే 0/35. మన దగ్గర వీసీఐ 35, బ్రిటన్‌లో 38, జర్మనీలో 32 అని దేశానికో అంకె ఎంచుకున్నారు. 31 వరకూ ఉన్న వీసీఐలు సిగ్నలింగ్ లాంటి పనులకు పక్కన పెట్టినవి కాబట్టి అందరూ ఆపైనే మొదలుపెట్టారు. కానీ డీస్లామ్ నుంచి పైకి వెళ్లే వైపు ప్రతి పోర్టుకూ వేరే అంకె ఉండాల్సిందే. స్లాటును వీపీఐలో, పోర్టును వీసీఐలో పొదిగితే బ్రాస్‌కి చేరిన సెల్ తలకట్టు చూసి అది ఏ పోర్టు నుంచి వచ్చిందో చెప్పేయవచ్చు. ఈ పారదర్శకతకు వెల కూడా గట్టిదే. ఒక్క కొత్త కనెక్షన్‌కి దారిలోని ప్రతి ఏటీఎం స్విచ్‌లోనూ క్రాస్ కనెక్ట్ వేయాలి. ఒక్కచోట అంకె తప్పినా ఆ చందాదారు డేటా ఎక్కడో దారి మధ్యలో కనుమరుగు.

ఈథర్‌నెట్ చవగ్గా, వేగంగా వచ్చి ఆ పనినంతటినీ తుడిచేసింది. తుడిచేటప్పుడు పోర్టు ఆచూకీ కూడా పోయింది. అరవై నాలుగు మంది డేటా ఒకే తీగ మీద, ఒకే వీలాన్‌లో (వర్చువల్ లాన్) కలిసి పైకి వెళితే బ్రాస్‌కి కనిపించేది మోడెమ్‌ల మ్యాక్ అడ్రసులే, వాటిని ఎవరైనా మార్చుకోవచ్చు. డీఎస్ఎల్ ఫోరం 2006 ఏప్రిల్‌లో విడుదల చేసిన టీఆర్-101ని నేను ఈ కోణంలోనే చదువుతాను. ఈథర్‌నెట్‌కి వలస ఎలా వెళ్లాలో చెప్పే పత్రంగా దానికి పేరు. కానీ అందులో బరువైన భాగమంతా ఆ వలసలో జారిపోయిన పోర్టు గుర్తింపును తిరిగి సంపాదించడం గురించే.

అందుకు అది రెండు ఏర్పాట్లు చెబుతుంది. ఒకటి, ప్రతి పోర్టుకూ దాని సొంత వీలాన్. ఒక వీలాన్ ట్యాగుతో 4,094కి మించి లెక్క రాదు కాబట్టి రెండు ట్యాగులు: బయటిది డీస్లామ్‌ని, లోపలిది పోర్టుని సూచిస్తాయి. ఇది ఏటీఎం సర్క్యూటుకే కొత్త చొక్కా తొడిగినట్టు ఉంటుంది, దాని బలమూ అదే: పోర్టు గుర్తింపు ప్రతి ఫ్రేము నుదుటి మీదా ఉంటుంది. రెండోది, ఒక సేవకు సంబంధించిన చందాదారులందరూ ఒకే వీలాన్‌లో ఉంటారు. కనెక్షన్ మొదలయ్యే క్షణంలో మాత్రం డీస్లామ్ చొరవ తీసుకుని, చందాదారు పంపిన పీపీపీఓఈ పలకరింపులో లేదా డీహెచ్‌సీపీ అభ్యర్థనలో తన పేరు, స్లాటు, పోర్టు రాసి పైకి పంపుతుంది. డీహెచ్‌సీపీలో ఈ చోటుకి ఆప్షన్ 82 అని పేరు, 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3046 దాన్ని నిర్వచించింది.

కట్టడం సులభం కాబట్టి రెండో ఏర్పాటును మెచ్చుకునేవాళ్లు ఎక్కువ. కొత్త పోర్టు తెరిచినప్పుడు పైనున్న స్విచ్‌లలో ఏమీ మార్చనక్కర్లేదు. నాకు మాత్రం దానిపై ఒక గట్టి అభ్యంతరం ఉంది. గుర్తింపు మొదటి పలకరింపులో ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత ఫ్రేములు ఎవరివో చెప్పే ఆధారం మ్యాక్ అడ్రసే, దాన్ని కాపాడే బాధ్యత పూర్తిగా డీస్లామ్‌ది. చందాదారులు ఒకరికొకరు కనిపించకుండా అడ్డుగోడ కట్టాలి, ఒకరి మ్యాక్‌ని ఇంకొకరు వాడితే పట్టుకోవాలి. ఇవన్నీ డీస్లామ్‌లో ఒక్కొక్కటిగా ఆన్ చేయాల్సిన అమరికలు. హడావుడిగా కట్టిన డీస్లామ్‌లో ఏదో ఒకటి మరిచిపోతే నెట్‌వర్కు చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, కాపలా మాత్రం ఉండదు. పోర్టుకో వీలాన్ ఉన్న ఏర్పాటులో మరుపు వెంటనే బయటపడుతుంది, ఎందుకంటే ట్యాగు లేనిదే డేటా కదలదు. మరుపును దాచేదాని కన్నా మరుపు వల్ల ఆగిపోయేది మేలు.

ఇక్కడ మన దేశపు మధ్యేమార్గం గురించి చెప్పాలి. ఖాతాల దుర్వినియోగానికి విరుగుడుగా పోర్ట్ బైండింగ్ వచ్చింది. పేరు, పాస్‌వర్డ్ సరైనవే అయినా అవి తమకు కట్టిన పోర్టు నుంచి వస్తేనే లోపలికి. కాగితం మీద ఇది రెండు దారుల్లోని మంచినీ కలిపినట్టుంటుంది. ఆచరణలో ఇది రెండు దారుల్లోని పొరపాట్లనూ కలిపింది. కేబుల్ జత చెడిపోయి లైన్‌మ్యాన్ కొత్త జతకి, దాంతో పాటు కొత్త పోర్టుకి మార్చిన రోజున చందాదారుకు లింక్ లైటు పచ్చగా వెలుగుతుంది, లాగిన్ మాత్రం 691 అంటుంది. పాస్‌వర్డ్ తప్పని ఆ అంకెకు అర్థం, నిజానికి తప్పింది పోర్టు. వృద్ధులు ఆ పాస్‌వర్డ్‌ని మళ్లీ మళ్లీ కొట్టి, కాగితం తీసి సరిచూసుకుని, చివరికి తామే ఏదో మరిచిపోయామనుకుని కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడిన దృశ్యం ఈ మధ్యేమార్గం తెచ్చిపెట్టిన అన్యాయం. తప్పు సంస్థ రికార్డుది, జవాబుదారీ మాత్రం పాత పద్ధతిలో లాగానే మనిషిది. పోర్టు కుదరలేదన్న సంగతిని పాస్‌వర్డ్ తిరస్కారం నుంచి వేరు చేసి చూపే ఏర్పాటు లేకుండా బైండింగ్ పెట్టడమే దీని మూల దోషం.

పోర్టునే పూర్తిగా నమ్మిన దేశాల్లో ఈ బాధ లేదు. బ్రిటన్‌లో బీటీ తన హోమ్ హబ్ రూటర్లన్నిటిలో ఒకే లాగిన్ పేరు పెట్టి పంపింది. దాన్ని అడిగేది ఆచారం కోసమే, గుర్తించేది లైన్‌ని. జర్మనీలో డాయిష్ టెలికామ్ కూడా ఈజీ లాగిన్ పేరుతో ఇదే దారికి వచ్చింది. రూటర్ తెచ్చి గోడకు తగిలిస్తే చాలు, ఇంట్లోవారు ఏ అంకే కొట్టనక్కర్లేదు. చందాదారుకు ఇంతకన్నా గౌరవప్రదమైన పద్ధతి లేదని నా అభిప్రాయం. తీగను తమ ఇంటి దాకా లాగిన సంస్థే ఆ తీగ ఎవరిదో తెలుసుకోవాలి, చందాదారు వచ్చి చెప్పుకోవాల్సిన పని లేదు.

కానీ ఆ గౌరవం ఉచితంగా రాదు. ఈ పద్ధతిలో డీస్లామ్ అమరికే పాస్‌వర్డ్. కాలిపోయిన కార్డు స్థానంలో కొత్తది వేస్తూ, స్లాటు పాడైందని పక్క స్లాటులో దూరిస్తే అరవై నాలుగు ఇళ్ల గుర్తింపు ఒక్క దెబ్బకు మారిపోతుంది. పేరును నమ్మే నెట్‌వర్కులో ఈ మార్పు ఎవరికీ తెలిసి కూడా ఉండదు. రెండు డీస్లామ్‌లకు పొరపాటున ఒకే పేరు పెడితే రెండు ఊళ్ల 0/3/17లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అన్నిటికన్నా భయపెట్టేది తారుమారైన జంపర్లు. పేరును నమ్మే చోట రామయ్య తీగ సోమయ్య పోర్టులో పడినా, రామయ్య తన పేరుతోనే లోపలికి వెళతాడు. రికార్డు తప్పుగా ఉన్నా బిల్లు సరిగ్గానే వస్తుంది. పోర్టును నమ్మే చోట ఇద్దరికీ ఇంటర్నెట్ వస్తుంది, ఇద్దరూ సంతోషంగానే ఉంటారు, ఒకరి ప్లాన్ ఒకరు వాడుతూ ఉంటారు. ఒకరు బిల్లు కట్టకపోతే ఇంకొకరి కనెక్షన్ ఆగుతుంది. ఐపీ అడ్రస్ పట్టుకుని దర్యాప్తు చేసేవారు వెళ్లేది తప్పు ఇంటికి. పేరు పద్ధతిలో అయితే ఆ తప్పు ఇంటివారు తమ పాస్‌వర్డ్ ఎవరో దొంగిలించారని వాదించుకోవచ్చు. ఇక్కడ వాదించడానికి వారి దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే వారిని ఎవరూ ఏమీ అడగలేదు.

వేగం విషయంలోనూ ఇలాంటి చీలికే ఉంది, క్లుప్తంగా చెబుతాను. మన దేశపు 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కేబీపీఎస్‌ని కనీస గీతగా పెట్టిన కాలంలో ప్లాన్ వేగాన్ని పోర్టు ప్రొఫైల్‌లోనే బిగించడం ఒక పద్ధతి. ప్లాన్ మారిన ప్రతిసారీ డీస్లామ్‌లోకి వెళ్లి ప్రొఫైల్ మార్చాలి, అయినా లైన్ మాత్రం నిశ్చింతగా ఉండేది. తీగ మోయగలిగిన దాంట్లో కొంతే వాడుతున్నాం కాబట్టి శబ్దానికి తట్టుకునే మిగులు పుష్కలం. పోర్టును తీగ మోసినంత వేగానికి వదిలేసి, ప్లాన్ పరిమితిని బ్రాస్‌లో పెట్టడం తర్వాతి పద్ధతి. 2006లో బ్రిటన్ 8 ఎంబీపీఎస్ దాకా పోయే ఏడీఎస్ఎల్ మ్యాక్స్‌తో అటు మళ్లింది. ప్లాన్ మార్పు సులువైంది, దూరపు ఇళ్లలో లింక్ పదేపదే తెగడం మొదలైంది. దాన్ని అదుపులో పెట్టడానికి లైన్‌ని గమనిస్తూ ఆ శబ్దపు మిగులును పెంచి తగ్గించే మరో వ్యవస్థ రావాల్సి వచ్చింది. ఎక్స్ఛేంజికి దగ్గరివారు రెండో పద్ధతిలో లాభపడ్డారు, ఊరి చివరివారికి మొదటిదే మంచిది.

ఫైబర్ వచ్చాక ఈ చర్చ ముగిసిందని కొందరంటారు. ముగియలేదు, చోటు మార్చుకుంది. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఎక్స్ఛేంజి వైపు ఉండే ఓఎల్‌టీ పోర్టు ఒక ఇంటిది కాదు, ఒకే పోర్టు నుంచి 32, 64 ఇళ్లకు వెలుతురు చీలుతుంది. అందుకే గుర్తింపు ఇంట్లో పెట్టిన ఓఎన్‌టీ సీరియల్ నంబర్‌లోకి వెళ్లింది. జంపర్ తారుమారు భయం తగ్గింది. దాని బదులు పెట్టె మార్చిన ప్రతిసారీ కొత్త సీరియల్ ఎక్కించాలి. ఒక ఇంట్లో పెట్టాల్సిన పెట్టె పక్కింట్లో పెట్టి వచ్చినా అదే గొడవ.

రాగి ఉన్నన్నాళ్లూ మాత్రం, పోర్టును నమ్మాలనుకునే సంస్థ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. లైన్‌మ్యాన్ చేతిలో ఇన్నేళ్లూ ఉన్న అతి పెద్ద తనిఖీ సాధనం డయల్ టోన్. జతకి ఫోన్ తగిలించి, ఒక కాల్ చేసి, అవతల నంబర్ ఏది కనిపించిందో అడిగితే ఆ తీగ ఎవరిదో తేలిపోయేది. ఫోన్ లేకుండా డేటా మాత్రమే నడిచే జతల్లో ఆ టోన్ ఉండదు. టోన్ లేదు కాబట్టి ఖాళీ జత అనుకుని, ఇంకొకరి ఫాల్ట్ సరిచేయడానికి దాన్ని తీసేసుకోవడం ఈ వృత్తిలో తెలిసిన ప్రమాదమే. అలాంటి నెట్‌వర్కులో లింక్ లైటు వెలిగిందన్న మాటతో ఫిర్యాదు మూసేయకూడదు. ఆ ఇంటి మోడెమ్ ఆన్ చేయించి, బ్రాస్‌కి అప్పుడు చేరిన డీస్లామ్ పేరు, స్లాటు, పోర్టు ఏమిటో చదివించుకుని, చేతిలో ఉన్న ఆర్డర్ కాగితంతో సరిపోయిందని చూశాకే నిచ్చెన దిగాలి. ఆ అంకెలను బ్రాస్ నుంచి రేడియస్‌కి చేరవేసే ఏర్పాటు 2006 నుంచే ఆర్‌ఎఫ్‌సీ 4679లో ఉంది. ఇక కావాల్సింది వాటిని లైన్‌మ్యాన్ ఫోన్‌లో కనిపించేలా చేయడం, ఆ సరిచూపుకు పట్టే సమయాన్ని అతని పని గంటల్లో లెక్కగట్టడం.